సొంత ప్రూఫ్‌కి రెండు మార్కులు: విశాఖలో నా బీఎస్సీ లెక్కలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా గేటు దగ్గర ఒకటే ప్రశ్న. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల అమ్మలు, వీధి చివర టిఫిన్ కొట్టు ఆంటీ, ఒకసారైతే గ్యాస్ బండ తెచ్చిన అన్న కూడా అదే అడిగాడు: "అమ్మాయ్, నువ్వు డిగ్రీలో లెక్కలే కదా చదివావు, మా గుంటని చేర్పించొచ్చా?" గేటు దగ్గర నిలబడి చెప్తే సగమే చెప్పగలను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నాది 2021-24 బ్యాచ్. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. మద్దిలపాలెం వైపు ఒక ప్రైవేటు కాలేజీ, ఆంధ్రా యూనివర్సిటీకి అనుబంధం. మా చుట్టాలు "అమ్మాయి ఏయూలో చదువుతోంది" అని చెప్పుకునేవారు గానీ, నాలాంటి చాలామందికి సర్టిఫికెట్ మీద మాత్రమే యూనివర్సిటీ. క్లాసులు జరిగేది కింద మెడికల్ షాపు, పైన కాలేజీ ఉన్న బిల్డింగులో. కాలేజీ పేరు రాయను. ఇది ఒక కాలేజీ మీద ఫిర్యాదు కాదు, ఆ కోర్సు నాకు ఎలా అందిందో చెప్పడం. స్టార్లు కావాలంటే ముందే ఇచ్చేస్తాను: సిలబస్‌కి ఐదుకి నాలుగు, పాఠాలకి రెండున్నర, పరీక్షలకి ఒకటి.

సిలబస్‌కి నాలుగు ఎందుకో ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్నే తిడతారు. మా సెమిస్టర్ల వరుస ఇది. మొదటి సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రెండులో సాలిడ్ జామెట్రీ, మూడులో ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, నాలుగులో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రెండూ కలిపి. ఐదులో కాలేజీ ఎంచిన ఎలెక్టివ్‌లు. కాగితం మీద ఇది మంచి వరుసే. ఇంటర్‌లో సూత్రం పెట్టి జవాబు రాబట్టే అలవాటు మొదటి ఏడాదిలో ఇంకా పనికొస్తుంది, రెండో ఏడాదిలో ఆ అలవాటుకి కాళ్ళు విరుగుతాయి. విరగాల్సిందే.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ గురించి పెద్దగా చెప్పను. ఇంటర్ రెండో సంవత్సరం చివరి చాప్టరు పెరిగి పెద్దదైనట్టు ఉంటుంది. రకం గుర్తుపట్టాలి, పద్ధతి వెయ్యాలి. మార్కులు వస్తాయి, ధైర్యం వస్తుంది.

సాలిడ్ జామెట్రీ మా క్లాసులో ఎవరికీ నచ్చలేదు. నాకు బస్సు వల్ల నచ్చింది. మాది పెదగంట్యాడ. రోజూ గాజువాక వచ్చి బస్సు మారి, మద్దిలపాలెం చేరేసరికి ట్రాఫిక్ ఉన్న రోజు గంటన్నర. స్క్యూ లైన్స్ అని ఒక పాఠం ఉంది: రెండు గీతలు ఎక్కడా కలవవు, అలాగని సమాంతరంగానూ ఉండవు. బోర్డు మీద గీసినప్పుడు అవి కలిసినట్టే కనిపిస్తాయి, బోర్డు చదును కదా. సార్ "ఇమాజిన్ చేసుకోండి" అని ముందుకెళ్ళిపోయారు. మర్నాడు ఎన్‌ఏడీ జంక్షన్‌లో బస్సు ఆగింది. తల ఎత్తి చూస్తే పైన ఫ్లైఓవర్ అడ్డంగా పోతోంది, కింద మా రోడ్డు ఇటు పోతోంది. రెండూ ఎంత దూరం సాగదీసినా కలవవు. రెండు రోడ్లూ చదునుగా ఉన్నాయనుకుంటే వాటి మధ్య అతి తక్కువ దూరం ఫ్లైఓవర్ నుంచి నిట్టనిలువుగా కిందికి జారవిడిచిన దారమే. ఆ దారం రెండు రోడ్లకీ లంబంగా ఉంటుంది. ఫార్ములాలో క్రాస్ ప్రొడక్ట్ (రెండు గీతలకీ లంబంగా ఉండే దిశని ఇచ్చే గుణకారం) ఎందుకొచ్చిందో నాకు ఆ సిగ్నల్ దగ్గరే తెలిసింది. కండక్టర్ నన్ను చూసి "ఏంటమ్మా పైన?" అన్నాడు.

ఇక మూడో సెమిస్టర్. ఈ రివ్యూ నిజానికి దాని కోసమే.

ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా మాకు ఒక రిటైర్డ్ మాస్టారు చెప్పారు. పార్ట్‌టైమ్. వారానికి నాలుగు క్లాసులు, ఫ్యాన్ తిరగని గది. మా బ్యాచ్ నుంచే రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లీష్ మీడియం చేశారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. గ్రూప్, సబ్‌గ్రూప్, కోసెట్ అని మాస్టారు రాస్తుంటే అన్నీ కంపెనీ పేర్లలా ఉండేవి. ఇంటికొచ్చి మావయ్యకి ఫోన్ చేశాను. మావయ్య శ్రీకాకుళంలో తెలుగు మీడియంలో బీఎస్సీ చదివాడు. తన దగ్గర తెలుగు అకాడమీ వాళ్ళ పాత పుస్తకం, అట్ట ఊడిపోయినది, ఇంకా ఉంది. అందులో గ్రూప్ అంటే సమూహం (ఏ రెండు మూలకాల్ని కలిపినా మళ్ళీ అందులోదే వచ్చేది, ప్రతిదాన్నీ వెనక్కి తిప్పగలిగేది), సబ్‌గ్రూప్ అంటే ఉపసమూహం, కోసెట్ అంటే సహసమితి. లిమిట్ అంటే అవధి. పేరు తెలిస్తే ప్రూఫ్ రాదు, అది వేరే సంగతి. కానీ ఉపసమూహం అనగానే పెద్దదానిలో చిన్నది, దాని పద్ధతి దానికి ఉన్నది అని తట్టింది. ఆ పుస్తకాన్ని మావయ్య ఆర్టీసీ పార్శిల్‌లో వేసి పంపించాడు. మా క్లాసులో నలుగురు దాన్ని జిరాక్స్ తీయించుకున్నారు.

లగ్రాంజ్ సిద్ధాంతం చెప్పిన రోజు మాస్టారు ఒక ఇంటిపని ఇచ్చారు. పరిమిత సమూహంలో ఏ ఉపసమూహం తీసుకున్నా, దానిలోని మూలకాల సంఖ్య పెద్ద సమూహంలోని సంఖ్యని నిశ్శేషంగా భాగిస్తుంది, ఇదీ సిద్ధాంతం. "దీన్ని సంక్రాంతికి మీ వాకిట్లో చూసి రండి" అన్నారు. అంతకు మించి చెప్పలేదు.

భోగి రోజు తెల్లవారుజామున అయిదు చుక్కలు అయిదు వరసలు పెట్టాను. చతురస్రాన్ని దాని చోటులోనే అది ఉన్నట్టుగా కనిపించేలా ఎన్ని రకాలుగా కదపొచ్చు? పావు తిప్పు, సగం తిప్పు, ముప్పావు తిప్పు, అసలు తిప్పకపోవడం: నాలుగు. అద్దంలో చూసినట్టు తిరగెయ్యడం నిలువుగా, అడ్డంగా, రెండు మూలలగా: ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదీ కలిపి ఒక సమూహం, అందులో ఒక ముగ్గుని మార్చకుండా ఉంచేవి దాని ఉపసమూహం. మామూలు పద్మం ముగ్గు వేస్తే ఎనిమిదీ పనిచేస్తాయి. రేకులన్నీ ఒకవైపు వంగిన గాలిపంకా లాంటి ముగ్గు వేస్తే తిప్పడం నాలుగే పనిచేస్తాయి, అద్దంలో చూస్తే రేకులు అటు వంగుతాయి. అమ్మ ప్రతి ఏటా వేసే కుండ ముగ్గుకి రెండే: ఉన్నది ఉన్నట్టు, ఎడమ కుడి మార్చి. నేను మూడు వచ్చే ముగ్గు కోసం వాకిట్లో కూర్చున్నాను. రాదు. అయిదు రాదు, ఆరు రాదు, ఏడు రాదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, అంతే. ఎనిమిదిని భాగించేవి అవే కదా. చీపురుతో చెరిపి మళ్ళీ వేస్తుంటే అమ్మ "రంగులెప్పుడేస్తావే, ఆవుపేడ ఎండిపోతోంది" అని అరిచింది. నాలుగు వాకిళ్ళు నడిచి పక్కింటి వాళ్ళ ముగ్గులు కూడా లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

మూడేళ్ళలో నాకు దక్కిన రోజు అది. ఆ ఒక్క రోజు కోసం ఈ కోర్సు చేరొచ్చా అంటే నేను చేరొచ్చనే అంటాను, మా నాన్న ఏమంటాడో తెలీదు.

ఇప్పుడు పరీక్షలకి ఒక్క స్టారే ఎందుకో చెప్తాను. ఇంటర్నల్ 25, సెమిస్టర్ చివరి పేపరు 75. ఎనిమిది చిన్న ప్రశ్నల్లో ఐదు రాయాలి, ఒక్కోటి 5 మార్కులు. తర్వాత యూనిట్‌కి ఒకటి చొప్పున ఐదు పెద్ద ప్రశ్నలు, ఒక్కోటి 10. ప్రతిదానికీ "ఇది లేదా అది" ఉంటుంది. అంటే ప్రతి యూనిట్‌లో సగం వదిలేసినా పాస్ మాత్రమే కాదు, ఫస్ట్ క్లాస్ కూడా దక్కుతుంది. ఏ సగం అన్నది కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు వాడికి తెలుసు. "ఇంపార్టెంట్స్" అని ఇరవై పేజీలు స్టేపుల్ చేసి 40 రూపాయలకి ఇచ్చేవాడు. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఆ షాపు ముందు ఉండే రద్దీ మా లైబ్రరీ ముందు ఎప్పుడూ చూడలేదు. లైబ్రరీకి తాళం ఉండేది, తాళం చెవి ఆఫీసులో ఉండేది, ఆఫీసులో ఎవరూ ఉండేవారు కాదు.

మూడో సెమిస్టర్ ఇంటర్నల్‌లో ఒక ప్రశ్న వచ్చింది. ఒక సమూహంలో ప్రతి మూలకాన్నీ దానితోనే గుణిస్తే తత్సమ మూలకమే (దేన్ని గుణించినా మార్చనిది) వస్తుంది, అయితే ఆ సమూహంలో వరస మార్చినా లబ్ధం మారదని చూపండి. నోట్సులో దీనికి విలోమాలతో నాలుగు లైన్ల ప్రూఫ్ ఉంది. పరీక్ష హాల్లో నాకు అది గుర్తు రాలేదు. అప్పుడు ఇలా చేశాను. రెండు మూలకాలని క, గ అనుకుందాం. కగ కూడా ఒక మూలకమే కాబట్టి కగకగ అంటే ఏమీ లేనట్టే, అది తత్సమం. దానికి ఎడమ పక్క ఒక క, కుడి పక్క ఒక గ పెట్టాను. ఒకవైపు చూస్తే మధ్యలోది ఏమీ లేనట్టే కాబట్టి మిగిలింది కగ. ఇంకోవైపు అంతా కలిపి చదివితే కకగకగగ. ముందున్న కక పోయింది, చివరున్న గగ పోయింది, మిగిలింది గక. అంటే కగ, గక ఒకటే. అయిపోయింది.

ఐదుకి రెండు మార్కులు వచ్చాయి. ఆ పేపర్లు దిద్దింది మాస్టారు కాదు, వేరే లెక్చరర్. అడగడానికి వెళ్తే "తప్పని కాదమ్మా, నోట్సులో ఉన్న పద్ధతి కాదు, వాల్యుయేషన్‌లో ఇలాంటివి రిస్క్" అన్నారు. నిజంగానే నా మంచికే చెప్పారేమో. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి రెండుసార్లు చదివారు. మర్నాడు క్లాసులో బోర్డు మీద నోట్సు ప్రూఫ్ ఒకవైపు, నాది ఒకవైపు రాసి, నాదాని మీద "మూడో బెంచి ప్రూఫ్" అని పేరు పెట్టారు. మార్కులు మాత్రం రెండే ఉండిపోయాయి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ రియల్ అనాలిసిస్. అవధిని కచ్చితంగా చెప్పడానికి వాడే ఎప్సిలాన్, డెల్టా నాకు అప్పటికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చెప్పాల్సిన మేడమ్ సెమిస్టర్ మధ్యలో మానేశారు. ఆ తర్వాత వచ్చిన గెస్ట్ లెక్చరర్ పుస్తకం పట్టుకుని డిక్టేషన్ చెప్పారు, కామాలతో సహా. నేను ఇంపార్టెంట్స్ బట్టీ పట్టాను. 75కి 66. మా ఇంట్లో స్వీట్లు పంచారు. అవకలనీయమైన ప్రమేయానికి (డిఫరెన్షియబుల్ ఫంక్షన్‌కి) అవకలజం (డెరివేటివ్) కూడా అవిచ్ఛిన్నంగా (కంటిన్యువస్‌గా) ఉండాలా అని ఎవరైనా అడిగితే "ఉండాలనుకుంటా" అనేదాన్ని. ఉండక్కర్లేదు. ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ వన్ బై ఎక్స్ తీసుకుని, సున్నా దగ్గర విలువ సున్నా అని పెడితే, దానికి అంతటా అవకలజం ఉంది, కానీ ఆ అవకలజం సున్నా దగ్గర కుదురుగా ఉండదు, సున్నాకి ఎంత దగ్గరికి పోయినా ఊగుతూనే ఉంటుంది. ఈ ఒక్క ఉదాహరణ తెలియకుండా 66 తెచ్చుకున్నాను.

తెలియదని తెలిసింది జామ్ రాసినప్పుడు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే పరీక్ష అది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో పది ప్రశ్నలకి ఒకటి కన్నా ఎక్కువ జవాబులు కరెక్ట్ అయి ఉండొచ్చు. అన్నీ సరిగ్గా గుర్తుపడితేనే మార్కులు, ఒకటి వదిలినా సున్నా. సిలబస్ మాకు కొత్తది కాదు, అవే సీక్వెన్సులు, అవే గ్రూపులు, అవే మాట్రిక్సులు. ప్రిపరేషన్‌లో ఒక ప్రశ్న తగిలింది: ఉపసమూహాలన్నీ నార్మల్ (ఏ మూలకంతో ఎడమ నుంచి గుణించినా, కుడి నుంచి గుణించినా అదే సమితి వచ్చేవి) అయినా, వరస మారిస్తే లబ్ధం మారే సమూహం ఉందా? ఉంది, క్వాటర్నియన్ల గ్రూప్, ఎనిమిదే మూలకాలు. దాని పేరు మా కాలేజీలో వినలేదు. సిద్ధాంతాలు అన్నీ చెప్పారు, ఎక్కడ తప్పిపోతాయో చూపే ఉదాహరణలు చెప్పలేదు. పరీక్షలో "చూపండి" అని అడుగుతారు గానీ "ఇది నిజమా?" అని అడగరు కాబట్టి వాటి అవసరం ఎవరికీ రాలేదు. నాకు జామ్‌లో చెప్పుకునే ర్యాంకు రాలేదు. పీజీసెట్ రాసి ఊళ్ళోనే ఎమ్మెస్సీలో చేరాను.

స్టాటిస్టిక్స్ గురించి ఒక్క సంగతి. మూడో ఏడాదిలో బోర్డు మీద క్రామర్-రావు ఇనీక్వాలిటీ వచ్చింది. పక్షపాతం లేని అంచనాకి విస్తృతి (వేరియన్స్) ఫలానా హద్దు కన్నా తగ్గదు అనేది. మేడమ్ రాశారు, మేము రాసుకున్నాం. అంతకు కొద్ది రోజుల ముందే, 2023 ఆగస్టులో, ఆ పేరులోని రావు, సి.ఆర్. రావు గారు 102 ఏళ్ళ వయసులో పోయారు. పేపర్లో చూసి నాన్న చెప్పాడు, ఆయన ఇంటర్మీడియట్ ఏవీఎన్ కాలేజీలో, ఆ తర్వాత లెక్కలు ఆంధ్రా యూనివర్సిటీలో చదివారని. 1941లో కలకత్తా వెళ్ళారు, 1945లో ఆ ఇనీక్వాలిటీ ఉన్న పరిశోధన పత్రం రాశారు, అప్పటికి పాతికేళ్ళు. బోర్డు మీదున్న రావు, బస్సెక్కితే వెళ్ళగలిగే క్లాసురూముల్లో కూర్చున్న రావు ఒకరేనని క్లాసులో ఒక్క ముక్క అనొచ్చు కదా. మేడమ్‌ని తప్పు పట్టను, సిలబస్ అవ్వాలి. కానీ ఆ రోజు నేను చెయ్యెత్తి చెప్తే వెనక బెంచీల వాళ్ళు మొదటిసారి ఫోన్లు పక్కన పెట్టారు.

కంప్యూటర్స్: సీ, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, జావా. ల్యాబులో ముగ్గురికొక సిస్టమ్. నేర్చుకున్నవాళ్ళు సొంతంగా నేర్చుకున్నారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని ఊళ్ళో సర్వే చేయించారు, అది బాగానే ఉంది, ఎండ తప్ప. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అయితే మా వాళ్ళలో సగం మంది డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ ఆరు నెలలు ఒక పాఠం చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చేరేవాళ్ళకి మా సిలబస్ ఉండదు. 2023లో సింగిల్ మేజర్ వచ్చింది: మూడు సబ్జెక్టులు సమానంగా కాకుండా ఒకటి మేజర్, ఒకటి మైనర్, కావాలంటే నాలుగో ఏడాది ఆనర్స్. ఆ పద్ధతిలో లెక్కలు మేజర్ అయితే మాకన్నా ఎక్కువ పేపర్లు పడతాయి, గ్రూప్ థియరీ, రింగ్ థియరీ వేర్వేరుగా. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి ఇదే నయం. ఇష్టం లేకుండా ఎంసెట్‌లో ర్యాంకు రాలేదని చేరేవాళ్ళకి మాత్రం మాకన్నా కష్టం, దాక్కోవడానికి పక్క సబ్జెక్టులు లేవు. ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పూట బస్సెక్కి కాలేజీకి వెళ్ళండి. ప్రిన్సిపాల్ గదికి కాదు, లైబ్రరీకి. తెరిచి ఉందా చూడండి. రెండో ఏడాది పిల్లల్ని పట్టుకుని ఆల్జీబ్రా ఎవరు చెప్తున్నారు, సెమిస్టర్ మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగండి. పిల్లలు దాచరు. ఫీజు, బస్సు పాసు లెక్కలు ఇంట్లో ఎలాగూ వేస్తారు.

ఉద్యోగాల సంగతి అడుగుతారు. మా క్లాసులో బీఈడీకి వెళ్ళినవాళ్ళు ఎక్కువ, బ్యాంకు కోచింగ్‌లో ఉన్నవాళ్ళు కొందరు, ఇద్దరు సాఫ్ట్‌వేర్. నేను ఎమ్మెస్సీతో పాటు సాయంత్రం ట్యూషన్లు చెప్తున్నాను.

మొన్న తొమ్మిదో తరగతి కుర్రాడు హోంవర్క్ ముందే అయిపోయి కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఊరికే ఉండకుండా వాడికి పలక మీద ఇచ్చాను: క, గ రెండే అక్షరాలు. ఏ అక్షరమైనా, ఏ మాటైనా వెంటవెంటనే రెండుసార్లు వస్తే మాయమైపోతుంది. కగ, గక ఒకటేనని చూపించు. వాడు కాసేపు పలక కేసి చూసి, "కగకగ ఎలాగూ మాయమే కదా టీచర్" అని దానికి అటో అక్షరం ఇటో అక్షరం తగిలించాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దయ్యాక ఏం చదువుతావురా అని అడిగితే బీటెక్ కంప్యూటర్స్ అన్నాడు.